మూడో వ్యాను అభ్యర్థి

మా నియోజకవర్గంలో ఇంతవరకూ గెలిచిన ఎమ్మెల్యేల ఫొటోలు మునిసిపల్ ఆఫీసు మెట్ల పక్క గోడకి వరసగా వేలాడుతుంటాయి. ఒకటి గొడుగు గుర్తు, ఒకటి నిచ్చెన గుర్తు, మళ్ళీ గొడుగు, మళ్ళీ నిచ్చెన. మొదట్నించీ ఇదే వరస. రెండోసారి గెలిచిన మొహం ఒక్కటీ ఆ గోడ మీద కనిపించదు. మొట్టమొదట గెలిచినాయన రిటైరైన లెక్కల మాస్టారు. అసెంబ్లీలో ఉన్నంతకాలం నోరు విప్పింది ఒకేసారట, కిటికీ మూయమని అడగడానికి. ఆయన మౌనంతో విసిగిపోయిన జనం తరవాత ఒక లారీల యజమానిని గెలిపించారు. ఈయన మొదలుపెట్టాడంటే స్పీకరు గంట కొట్టినా ఆపేవాడు కాదు. జనం ఈయనతోనూ విసిగిపోయారు. విసుగు మా వాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య.

రైలు పట్టాలకి ఇటువైపంతా గొడుగు, అటువైపంతా నిచ్చెన. బలం ఇద్దరిదీ సరిసమానం. మధ్యలో గేటు వీధి వాళ్ళు ఎటు మొగ్గితే సీటు అటు. అందుకే ఎన్నికలు వస్తే చాలు, గేటు వీధి వాళ్ళు కాలు మీద కాలేసుకుని అరుగుల మీద కూర్చుంటారు. పట్టాల మీద వంతెన కడతామని రెండు పార్టీలవాళ్ళూ ఆనాటి నుంచీ చెబుతూనే ఉన్నారు. ఆ వంతెన మా పిన్ని గొంతులో తప్ప ఇంకెక్కడా లేదు.

మా పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. ఊరందరికీ మైకు పిన్ని. గోడ మీది ఫొటోల్లో ఆవిడ లేదు గానీ, ఆ మొహాల్లో సగానికి పైగా ఆవిడ గొంతు మీద గెలిచినవే.

బాబాయికి గేటు పక్కనే మైకుసెట్ల షాపు. కింద షాపు, పైన ఇల్లు, ఇంటికో బాల్కనీ. పెళ్ళయిన కొత్తలో ఓ ఎన్నికలప్పుడు పిన్ని షాపులోకి క్యారియరు పట్టుకుని దిగిందట. ఎదురుగా ఎవరో కుళాయి కట్టకుండా వదిలేశారు. నీళ్ళు వీధంతా పారుతున్నాయి. పక్కనే ప్రచారం వ్యాను ఆగి ఉంది. మైకులో అడగడానికి పట్నం నుంచి తెచ్చిన మనిషి గొంతు పోయి మందు వేసుకుంటున్నాడు. పిన్ని అతని పక్కనున్న మైకు తీసుకుని, "నీలం తలుపు ఇంటి అమ్మా, మీ కుళాయి పోతోంది, కాస్త కట్టేసి వెళ్ళమ్మా" అంది. నీలం తలుపు అమ్మ ఒక్కతే కాదు, వీధిలోని ఆడా మగా అంతా ఎవరి కుళాయి దగ్గరికి వాళ్ళు పరిగెత్తారు. వ్యానులో కూర్చున్న అభ్యర్థి అది చూశాడు. కుళాయి కట్టేయమంటేనే ఇంత కదలిక ఉంటే, ఓటు వేయమంటే ఎలా ఉంటుందో అని ఆయన లెక్కలు ఆయన వేసుకున్నాడు.

అలా మొదలైంది. మర్నాడే అవతలి పార్టీ వాళ్ళూ వచ్చి షాపు ముందు బైఠాయించారు. పేచీలు, పంచాయితీలు అయ్యాక ఒక ఒప్పందం కుదిరింది. పొద్దున ఒక పార్టీకి, మధ్యాహ్నం రెండో పార్టీకి. రోజు మార్చి రోజు వరస తారుమారు. ప్రచారం చివరి మధ్యాహ్నం ఎవరిదనేది మాత్రం బొమ్మా బొరుసూ వేసి తేల్చుకోవాలి. ఈ ఏర్పాటు ఇంకే నియోజకవర్గంలోనూ ఉండదని నా గట్టి నమ్మకం. పొద్దున పిన్ని నీలం స్కార్ఫు కట్టుకుని గొడుక్కి ఓటు అడిగి, ఇంటికొచ్చి భోంచేసి, కాస్త నడుం వాల్చి, నారింజ స్కార్ఫు కట్టుకుని నిచ్చెనకి అడగడానికి బయల్దేరేది. రెండూ మనస్ఫూర్తిగానే అడిగేది. ఎవరూ తప్పు పట్టలేదు. పైగా మధ్యాహ్నం ఏమంటుందో విందామని జనం గుమ్మాల్లో కాచుకునేవాళ్ళు.

ఆవిడ అడిగే తీరే వేరు. నేను అచ్చాఫీసులో పనిచేస్తాను. రెండు పార్టీల కరపత్రాలూ నా చేతిమీదుగానే వెళతాయి. ప్రగతి పథం, ప్రజా ప్రభంజనం, అదీ ఇదీ. ఆ మాటలు కూర్చి కూర్చి నా వేళ్ళు కాయలు కాశాయి గానీ, వాటివల్ల ఒక్క ఓటు పడిందంటే నేను నమ్మను. పిన్ని ఇవేవీ అనదు. తలుపులతో మాట్లాడుతుంది. "జామచెట్టింటి తాతగారూ, మోకాలు తగ్గిందా? వరస పెద్దగా ఉండదులెండి, నెమ్మదిగా రండి." ఇంతే. తాతగారు వచ్చేవాడు.

ఇక ఆవిడ సొంత ఓటు ఎవరికన్నది మాత్రం దేవరహస్యం. "నా వయసు అడుగు చెబుతాను, అది అడక్కు" అనేది నాతో. ఆ గుట్టు మీదే ఆవిడ బతుకంతా నిలబడి ఉంది. ఒకవైపు మొగ్గిందని తెలిస్తే రెండోవైపు వాళ్ళు మైకు ఇవ్వరు.

బాబాయి సంగతికొస్తే, నోట్లో నాలుక లేని మనిషి. వైర్లతో, హారన్లతో, వ్యాన్లతోనే ఆయన సావాసం. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన ఏమీ మాట్లాడలేదనీ, ఫ్యాను రెగ్యులేటరు బాగుచేసి వెళ్ళిపోయాడనీ మా అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

అలాంటి మనిషి పోయిన ఎన్నికల్లో ఎమ్మెల్యేగా పోటీ చేశాడు. ఎందుకంటే వ్యాను కోసం.

ఆ ఏడు కొత్తగా వచ్చిన ఎన్నికల అధికారి ఒక నిబంధన పెట్టాడు. అభ్యర్థికి ఒక్క మైకు వ్యానే. అప్పటికి బరిలోకి దిగింది ఇద్దరే. గొడుగు తరపున డాక్టరమ్మ, నిచ్చెన తరపున సిమెంటు షాపాయన. బాబాయి దగ్గర వ్యాన్లు మూడు. మూడోది అప్పుడే కొన్నది, రంగు కూడా పూర్తిగా ఆరలేదు. దాన్ని షెడ్డులో పెట్టుకుని ఎన్నికలు గడిచిపోవడం చూడటం ఆయన వల్ల కాలేదు. ఆఫీసుకి వెళ్ళి, "ఇంకో అభ్యర్థి ఉంటే ఇంకో వ్యానుకి పర్మిషన్ ఇస్తారా?" అని అడిగాడట. ఇస్తామన్నారు. అంతే, నామినేషన్ కాగితాలు అడిగి తీసుకున్నాడు. మంగలి, బ్యాటరీల షాపతను, నేనూ, ఇంకా వీధిలో కొందరం నవ్వుకుంటూ సంతకాలు పెట్టాం. గుర్తు తాళంచెవి వచ్చింది.

పిన్నికి చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుని, ఆ సాయంత్రం అన్నం తింటూ తనే చెప్పాడు.

"ఎమ్మెల్యేకి పోటీ చేస్తున్నాను. ఆ ఉప్పు ఇటివ్వు."

పిన్ని ఉప్పు ఇచ్చింది. తరవాత అడిగింది. "ఎవరి మీద?"

"ఇద్దరి మీదా."

"ఎందుకండీ?"

"వ్యాను ఊరికే ఉంది."

"నేను మీకోసం అడగలేనండీ. వాళ్ళిద్దరికీ మాటిచ్చేశాను."

"వద్దులే. నేనూ అడగను."

"మరి వ్యానులో ఏం పెడతారు?"

"ఫ్లూటు."

అన్నట్టుగానే ఫ్లూటు పాట పెట్టుకుని తనే నడుపుకుంటూ తిరిగాడు. వ్యానుకి దారీ తెన్నూ ఏముంది, పిన్ని వ్యాను ఎటు వెళితే దాని వెనకే వెళ్ళేవాడు. ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టగానే రెండూ కలిసి గోల అవుతుందని ఫ్లూటు ఆపేసేవాడు. ఆవిడ ఆపడం అన్నది ఎక్కడుంది గనక? దాంతో తాళంచెవి అభ్యర్థి ప్రచారమంతా నోరు మూసుకుని పక్కవాళ్ళ ప్రచారం వినడంతోనే గడిచిపోయింది. జనం దానికి ఊరుకున్న వ్యాను అని పేరు పెట్టారు. మంగలి గడ్డం గీస్తూ గీస్తూ ఆపి, కిటికీలోంచి దాన్ని చూసి, "ఇంత మర్యాదగల అభ్యర్థిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు" అనేవాడు.

చివరి మధ్యాహ్నం బొమ్మా బొరుసూలో గొడుక్కి వచ్చింది. వ్యాను మా గేటు వీధిలో ఆగింది. వెనకే బాబాయి వ్యాను. పిన్ని గొంతు అప్పటికే కాస్త బొంగురు పోయింది. దానివల్ల ఇంకా బాగుంది.

"గేటు వీధి వాళ్ళూ, రేపట్నించి నా గోల మీకుండదు. ఇవాళ ఒక్కసారి వినండి. డాక్టరమ్మ మీ అందరి నాలుకలూ చూసింది, మీ అందరి దగ్గులూ వింది. మీరు ఒక్కసారి ఆవిడ గుర్తు చూడండి. వస్తారని నాకు తెలుసు. రాకపోతే నాకు బాధేస్తుంది."

అంతకుముందు రోజు మధ్యాహ్నం సిమెంటాయన కోసం కూడా ఇంతే బాగా అడిగింది. నేను రెండుసార్లూ కరిగిపోయాను. నేను ఎవరికి వేశానో చెప్పను గానీ, ఎవరికి వెయ్యలేదో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఓట్ల లెక్కింపుకి తాళంచెవి ఏజెంటుగా నేనే వెళ్ళాను. అభ్యర్థి అన్నాక ఏజెంటు ఉండాలి కదా. ఒక్కో బూతుదీ చదువుతున్నారు. గొడుక్కి ఇన్ని, నిచ్చెనకి ఇన్ని, తాళంచెవి సున్నా. మళ్ళీ గొడుగు, నిచ్చెన, తాళంచెవి సున్నా. చదివే ఆయనకి అదొక తాళంలా అలవాటైపోయింది. చివరి సున్నా దగ్గర గొంతు కిందికి దించేవాడు. హాల్లో వాళ్ళు కూడా ఆయనతోపాటు సున్నా అనడం మొదలుపెట్టారు. నేను నవ్వు ఆపుకోలేక కుర్చీ కింద పెన్ను వెతుకుతున్నట్టు నటించాను. ఇంతలో మా గేటు వీధి బూతు వచ్చింది. ఆయన అలవాటు కొద్దీ గొంతు దించబోయి ఆగాడు.

"తాళంచెవి, ఒకటి."

హాలంతా చప్పట్లు. పోలీసులు కూడా కొట్టారు. నేను లేచి నిలబడి దణ్ణం పెట్టాను.

ఆ సంబరం ఎంతోసేపు లేదు. చివరికి డాక్టరమ్మ సిమెంటాయన మీద ఒక్క ఓటుతో గెలిచింది. మళ్ళీ లెక్కపెట్టారు. మళ్ళీ అంతే. ఆ గోడ మీద అంత సన్నటి గెలుపు ఇంకోటి లేదు. సిమెంటాయన కుర్చీలో కూలబడి, కాసిని మంచినీళ్ళు తాగి, లేచి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"మీ బాబాయికి పడింది ఒకటేగా?"

"ఒకటేనండీ."

"అది ఆయన వేసుకున్నదేగా?"

"మరింకెవరు వేస్తారండీ" అని పళ్ళికిలించాను.

"అయితే మీ పిన్ని ఎవరికి వేసినట్టు?"

నాకు నవ్వు ఆగిపోయింది.

ఓడిన మనిషి లెక్క ఎటు తిప్పినా పిన్ని దగ్గరే తేలింది. పిన్ని మొగుడికి వేసి ఉంటే రెండు రావాలి. మొగుడికి వెయ్యలేదంటే మిగిలిన ఇద్దరిలో ఒకరికి వేసినట్టే, తను ఓడింది ఒక్క ఓటుతో, చివరి మధ్యాహ్నం ఆవిడ అడిగింది గొడుక్కి. ఆవిడ ఓటు వేసినట్టు వేలి మీద సిరా గుర్తు సాక్ష్యం. కాబట్టి గొడుక్కే వేసిందని తేల్చేశాడు. ఇన్నివేల మంది గొడుక్కి వేస్తే అందరినీ వదిలేసి మా పిన్నిని పట్టుకోవడమేమిటని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆయన బాధ ఆయనది. తన కోసం నోరారా అడిగిన మనిషి వెనకాల గొయ్యి తవ్వింది అనుకున్నాడు. సాయంత్రానికి షాపు మెట్లెక్కాడు.

"అక్కా, ఒక్క మాట చెప్పు. నాకు వేశావా, వెయ్యలేదా?"

"ఓటు సంగతి ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు బాబూ. ఇప్పుడూ చెప్పను."

"చెప్పక్కర్లేదులే. తెలిసిపోయింది. పట్టాలకి అవతల మీ షాపు మైకు ఇక మోగదు."

ఆయన అటు వెళ్ళాడో లేదో డాక్టరమ్మ మనుషులు దండ పట్టుకుని వచ్చారు. "మీ ఓటే గెలిపించిందమ్మా" అని వీధి వీధంతా వినబడేలా పొగిడారు. ఆ పొగడ్త తిట్టు కన్నా ఎక్కువ చేటు చేసింది. ఎందుకంటే మెట్లు దిగుతూ దిగుతూ వాళ్ళే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇవాళ నిచ్చెన మైకు పట్టుకుని మనకి వేసిన మనిషి, రేపు మన మైకు పట్టుకుని ఎవరికి వేస్తుందో అని.

వాళ్ళు వెళ్ళాక పైన వంటింట్లో ముగ్గురం మిగిలాం. పిన్ని దండ తీసి గిన్నెల బుట్ట మీద వేసింది. తరవాత చాలా నెమ్మదిగా బాబాయి వైపు తిరిగింది.

"ఏమండీ, మీరు ఎవరికి వేశారు?"

బాబాయి నీళ్ళు నమిలాడు. "నాకు ఒకటి పడిందిగా."

"అది నేను వేసింది."

నా చేతిలో గ్లాసు జారిపోయింది. స్టీలుది కాబట్టి సరిపోయింది. బాబాయి ఆ గ్లాసు తీసి, తుడిచి, అలమరలో పెట్టి, ఇక చేయడానికి పనేమీ మిగలక, "గొడుక్కి వేశాను" అన్నాడు.

"పోటీ చేసింది మీరు కదండీ?"

"నువ్వు అడిగావుగా."

"నేను ఊరందర్నీ అడిగాను."

"ఊరందర్లో నేనూ ఉన్నాగా. వెనకే ఉన్నాను. రాకపోతే బాధేస్తుందన్నావు."

పిన్ని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మొదట ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వు. నాకూ పట్టుకుంది. ఇద్దరం గోడకి చేరబడి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. బాబాయి ఏం తప్పు చేశాడో తెలియక మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. నవ్వీ నవ్వీ ఉన్నట్టుండి పిన్ని ఆగిపోయింది.

"ఈ మాట ఈ గది దాటకూడదు" అంది నాతో.

"అదేంటి పిన్నీ, చెప్పేస్తే నీ మీద మాట పోతుందిగా. నువ్వు గొడుక్కి వెయ్యలేదని తెలిసిపోతుంది."

"నా మీద మాట పోయి ఈయన మీద పడుతుంది. తన ఓటు తనే వేసుకోలేని అభ్యర్థి అని ఊరు ఈయన్ని ఆడుకుంటుంది. నా గొంతు పోతే పోయింది. అది మాత్రం నేను చూడలేను."

ఆ తరవాత రోజులు నాకు తలుచుకోవడానికి కూడా ఇష్టం లేదు. ఎన్నికలు లేనప్పుడు పిన్నిని పిలిచే కొత్త షాపుల ప్రారంభాలకి పట్నం నుంచి ఎవరెవరివో గొంతులు తెచ్చుకున్నారు. ఒక్క పుస్తకాల ప్రదర్శనకీ, ఒక్క వైద్య శిబిరానికీ పిన్నిని పిలవలేదు. తలుపులు తెరుచుకుని జనం గుమ్మాల్లో ఉన్నా పిన్ని పలకరించడం మానేసింది. వీధిలో తల దించుకుని నడిచేది. ఇంట్లో కూడా ఉప్పు కావాలా, నీళ్ళు కావాలా అన్నంత వరకే మాట. ఆ ఇంట్లో ఇద్దరూ మాట్లాడకపోతే ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. బాబాయి షాపులో వైర్లు చుడతాడు, విప్పుతాడు, మళ్ళీ చుడతాడు.

ఒకరోజు పొద్దున నేను అచ్చాఫీసులో ఉండగా మైకులో ఎవరిదో గొంతు వినిపించింది. గరగరమంటూ, ఆగుతూ, దగ్గుతూ. ఎవరో పాత గేటు తీస్తున్నట్టుంది. ఈ కొత్త గొంతు ఎవరిదిరా బాబూ అని బయటికి వచ్చి చూద్దును కదా, మూడో వ్యాను. చేతిలో సిరా గుడ్డ కూడా పడేయకుండా పరిగెత్తాను.

గేటు వేసి ఉంది. గూడ్సు బండి వస్తోంది కాబోలు, పట్టాలకి ఇటూ అటూ జనం బారులు తీరి ఉన్నారు. గొడుగువాళ్ళు ఇటు, నిచ్చెనవాళ్ళు అటు. సిమెంటాయన కారు కూడా ఇరుక్కుపోయి ఉంది. బాబాయి వ్యాను దిగి, మైకు రెండు చేతులతో పట్టుకుని గేటు ముందు నిలబడ్డాడు.

"నేను తాళంచెవి అభ్యర్థిని. నాకు పడిన ఓటు నాది కాదు. మా ఆవిడది. నేను గొడుక్కి వేశాను. ఆవిడ అడిగింది విన్నాక వెయ్యకుండా ఉండలేకపోయాను. ఎవర్నైనా తిట్టాలంటే నన్ను తిట్టండి. షాపు పొద్దున్నే తీస్తాను."

ముందు ఇటు పక్క ఎవరో కిసుక్కుమన్నారు. అటు పక్క ఇంకెవరో. చూస్తుండగానే పట్టాలకి రెండువైపులా నవ్వులు పొర్లాయి. గేటుమాను జెండా కర్రకి ఆనుకుని నవ్వాడు. ఇలా అవుతుందనే పిన్ని ఇన్నాళ్ళూ నోరు కట్టుకుంది. బాబాయి మాత్రం కదల్లేదు. చెవులు ఎర్రగా కందిపోయి అలాగే నిలబడ్డాడు.

సిమెంటాయన కారు దిగాడు. కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి. గేటు కిందినుంచి దూరి వచ్చి బాబాయి ముందు నిలబడ్డాడు. ఆయన అరుస్తాడనుకున్నాం. ఇంతలో ఆయన మొహంలో ఏదో లెక్క తిరిగింది.

"అంటే, పోటీలో ఉన్న మనిషి చేత కూడా వేయించిందా?"

"అవును."

"ఆ చివరి మధ్యాహ్నం మాకు వచ్చి ఉంటే?"

"నిచ్చెనకే వేసేవాణ్ణి" అన్నాడు బాబాయి, దాపరికం లేకుండా.

సిమెంటాయన తల ఎత్తి మా బాల్కనీ వైపు చూశాడు. అప్పటికే పిన్ని అక్కడికి వచ్చి రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కా, వచ్చేసారి చివరి మధ్యాహ్నం మాది. ఇప్పుడే చెబుతున్నాను."

"అదెలా కుదురుతుందండీ, బొమ్మా బొరుసూ వెయ్యాలిగా" అంటూ గొడుగువాళ్ళు మీదికి వచ్చారు. మాటా మాటా పెరిగింది. బండి వచ్చింది, వెళ్ళింది, గేటు తెరిచారు. ఒక్కరు కదిలితే ఒట్టు.

ఆ గోలలో మంగలి గొంతు పెంచాడు. "అదంతా సరే పిన్నీ. ఈయన నీకోసం అటు వేశాడు. మరి నువ్వు ఈయనకెందుకు వేశావు? గెలిచే మనిషి కాదని తెలుసుగా."

అందరూ పైకి చూశారు. బాబాయి కూడా చూశాడు. ఆయనకీ తెలియదు. అడగలేదు కదా.

పిన్నికి మైకు అక్కర్లేకపోయింది.

"వాళ్ళిద్దరికోసం ఊరంతా తిరిగి నేను అడిగాను. ఈయన కోసం అడిగినవాళ్ళు ఎవరున్నారు? ఆయన కూడా అడగలేదు. ఎవరూ అడగనివాళ్ళకి ఒక్కరైనా వెయ్యాలి కదా అనిపించింది."

బాబాయి తల దించుకున్నాడు. మైకు ఆపడం మరిచిపోయాడు. ఆయన ముక్కు చీదుకున్న చప్పుడు పట్టాలకి రెండువైపులా వినిపించింది.